మూతపడ్డ బంకులో ఫోను

కొండదారి ఎక్కి, పెద్ద మలుపు తిరగగానే ఎడమ పక్కన ఒక పెట్రోలు బంకు ఉంది. ఉంది అంటే... పెట్రోలు లేదు, మనుషులు లేరు. పైకప్పు రేకు ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. పంపుల మీద అంకెలు ఎప్పుడు ఆగిపోయాయో అక్కడే ఆగి ఉంటాయి. వెనకాల ఒక అద్దాల గది. అందులో ఒక బల్ల, బల్ల మీద నల్ల ఫోను.

పగలు ఆ దారిన అందరూ పోతారు. చీకటి పడ్డాక మాత్రం లారీవాళ్ళు కూడా అక్కడ హారన్ కొట్టరు. అద్దాలు ఎత్తేసి, పాటల సౌండ్ పెంచుకుని గబగబా దాటేస్తారు. ఎందుకంటే — ఆ ఫోను మోగుతుందట.

మోగితే మోగనీ, ఎత్తకూడదు. ఎత్తినవాడు ఎవరి కోసం పరిగెడుతున్నాడో, ఆ మనిషి ఇక దక్కడు. ఆ బంకుకి ఉన్న చెడ్డపేరు ఇది. ఎవరికి జరిగిందయ్యా అని అడిగితే ఒక్కడూ సరిగ్గా చెప్పడు. "మా బావమరిది స్నేహితుడికి" అంటాడు. ఆ స్నేహితుణ్ణి పట్టుకుంటే అతనికీ ఒక బావమరిది ఉంటాడు.

నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. మా వీధి చివర బట్టలు కుట్టే కత్తెరాయన తన నోటితో చెప్పేదాకా.

ఆయన అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలీదు. వాళ్ళావిడ బడిపిల్లల వ్యాను నడుపుతుంది. ఆయనకి సైకిలు తప్ప ఇంకేదీ రాదు. "మా ఇంట్లో స్టీరింగ్ ఆవిడది, సూది నాది" అంటుంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ వ్యాను నేర్చుకుంటానంటే అందరూ వద్దన్నారట. సరేనన్నది ఒక్క మామగారే.

ఆ మామగారు, అంటే కత్తెరాయన నాన్న, పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. జీవితమంతా ఇంజన్ల రొదలో బతికాడేమో, మామూలుగా మాట్లాడినా నాలుగిళ్ళకి వినపడేది. ముసలితనంలో కొండల అవతల, ఓడరేవు ఊళ్ళో, కూతురి దగ్గర ఉంటున్నాడు. ఫోన్ చేశాడంటే కత్తెరాయన ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సిందే. పైగా ఆయనకి ఫోన్ పెట్టేయడం ఇష్టం ఉండదు. చెప్పడానికి ఏమీ లేకపోయినా "ఇంకేంటి... ఇంకేంటి" అంటూనే ఉంటాడు.

ఒకరోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ కూలిపోయాడట. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట లేదు. ఆస్పత్రిలో చేర్చారు. దగ్గరవాళ్ళు ఉంటే పిలిపించుకోండి, అన్నాడట డాక్టరు.

పిల్లల్ని దింపేసి ఆవిడ కొట్టు దగ్గరికి వచ్చేసరికి, కత్తెరాయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మిషను తిరుగుతోంది. గుడ్డ ఎప్పుడో జారి కింద పడింది. సూది ఊరికే... పైకీ కిందకీ...

ఆవిడ స్విచ్చి ఆపింది. ఆయన మొహం చూసింది.

"ఎవరు?" అంది.

"నాన్న."

ఆ తర్వాత ఆయన చేసిందేమీ లేదు. అంతా ఆవిడే చేసింది. బస్సు మర్నాడు పొద్దున్న కానీ లేదని తెలుసుకుంది. బడి నడిపే పెద్దమ్మకి ఫోన్ చేసి వ్యాను అడిగింది. పెద్దమ్మ మారుమాట లేకుండా తీసుకెళ్ళమంది. పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చింది. ఆయన స్వెట్టరు, దువ్వెన, రెండు రొట్టెలు, నీళ్ళ సీసాలు సంచీలో కుక్కింది. మొగుడి చెప్పులు కూడా ఆవిడే తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుంటుంటే వంగి, సరిచేసింది.

వ్యానులో ముందు సీటు స్ప్రింగు విరిగిపోయింది. అందుకని ఆయన వెనకాల పిల్లల సీటులో కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మామూలు రోజైతే ఆవిడ పడీ పడీ నవ్వేది.

దారంతా ఆవిడ ఏదో ఒకటి చెబుతూనే ఉంది. కిటికీ సీటు కోసం కొట్టుకునే కవలల గురించి, ప్రతి సోమవారం కడుపునొప్పి వచ్చే పిల్ల గురించి. ఆయన ఊ కొట్టడం లేదు. అయినా చెబుతోంది. మధ్యలో ఒకసారి వెనక్కి చెయ్యి చాపింది. ఆయన పట్టుకున్నాడు. మలుపు వచ్చేదాకా అలాగే ఒంటిచేత్తో నడిపింది.

అక్క మళ్ళీ చేసింది. అలాగే ఉందట. ఎంత దూరంలో ఉన్నారని అడిగింది. ఆవిడ ఉన్న దూరంలో సగమే చెప్పి పెట్టేసింది.

ఆ తర్వాత కొండ ఎక్కారు. సిగ్నల్ పోయింది.

ఊళ్ళో తిరిగే వ్యాను అది. అంత ఎత్తు ఎక్కిన అలవాటు లేదు. పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందు నుంచి పొగలు... ఇంజన్ కాగిపోయింది. ఆవిడ పళ్ళు బిగబట్టి ఇంకొంచెం లాగింది. ఇంకొంచెం... ఇక లాభం లేదు. బండి పక్కకి తీసి ఆపింది.

ఎడమ పక్కన బంకు.

ఆవిడకి తెలుసు అదేమిటో. వ్యానులవాళ్ళంతా చెప్పుకునేదే. ఆయనకి మాత్రం తెలీదు. చెప్పలేదు ఆవిడ. "చల్లారనివ్వాలి. నీళ్ళు పోసి పోదాం. మీరు దిగకండి" అని మాత్రం అంది.

బానెట్ ఎత్తి, టార్చి నోట్లో పెట్టుకుని వంగింది. గాలి లేదు. చుట్టూ చెట్లలో ఆకు కదలడం లేదు. కాగిన ఇనుము టిక్కు టిక్కు మంటోంది. అంతే శబ్దం.

అప్పుడు మోగింది.

ట్రింగ్... ట్రింగ్...

పాతకాలం మోత. గదిలోంచి వచ్చి రేకు కప్పుకి తగిలి, దారి మీదంతా పరుచుకుంది. ఆవిడ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆగుతుందేమో అని చూసింది. ఆగలేదు.

తల తిప్పి చూస్తే — వ్యాను తలుపు తెరిచి ఉంది. పిల్లల సీటు ఖాళీ.

కత్తెరాయన నాతో అన్నాడు: "నాకు భయం అనిపించలేదండీ. నా ఫోనుకి సిగ్నల్ లేదు కదా, అక్క ఇక్కడికి చేసిందేమో అనుకున్నాను. ఆ మూతపడ్డ బంకు నంబరు అక్కకి ఎలా తెలుస్తుంది? నేను ఈ దారిన పోతున్నానని ఎలా తెలుస్తుంది? అదేమీ తట్టలేదు. ఆ వేళలో నాకు ఫోను మోగితే చాలు, అక్కే."

గది తలుపుకి గొళ్ళెం లేదు. ఎత్తాడు.

"హలో... అక్కా?"

జవాబు లేదు. కానీ లైనులో ఎవరో ఉన్నారు. ఊపిరి వినపడుతోంది. పీలుస్తుంటే సన్నగా ఈల వేసినట్టు... ముక్కులో ఎప్పుడో ఇంజను పిడి తగిలి ఎముక వంకర పోయినవాడి ఊపిరి.

చిన్నప్పుడు ఆ ఈల వింటూ నిద్రపోయిన కొడుక్కి అది ఎవరిదో ఇంకొకరు చెప్పాలా?

"నాన్నా?"

ఈల ఆగింది. మళ్ళీ మొదలైంది... ఈసారి గబగబా.

"నాన్నా, నేనే. వస్తున్నాం. కొండ దిగితే వచ్చేసినట్టే. తనే నడుపుతోంది. నువ్వు నడపమన్నావు చూడు, ఆ వ్యానే..." ఇక ఆగలేదు. సాయంత్రం నుంచి లోపలే ఉన్న మాటలన్నీ, ఒక్కసారిగా. ఏమేమి చెప్పాడో ఆయనకే గుర్తులేదు. చిన్నప్పుడు పడవలో దాక్కుంటే వెతుక్కుంటూ ఏడ్చావు కదా అన్నాడట. నిన్న నువ్వు ఫోన్ చేస్తే పనుంది అని పెట్టేశాను, పనేం లేదు నాన్నా అన్నాడట.

అటు నుంచి ఊపిరి. అంతే.

ఆవిడ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన బల్ల మీదికి వంగి, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఎవరితో?" అంది ఆవిడ, మెల్లగా.

"నాన్న... మాట రావట్లేదు. వింటున్నాడు."

ఆవిడ టార్చి ఫోను మీద వేసింది. ఫోను వెనకనించి వైరు మీదుగా వెలుగు కిందికి దిగింది. బల్ల అంచు దాటి, జానెడు వేలాడి... అక్కడ ఆగిపోయింది. కొసన రాగి తీగలు రెండు విచ్చుకుని ఉన్నాయి. ఎప్పుడో తెగిన వైరు. దాని మీద సాలెగూడు.

ఆయన కూడా చూశాడు. చూసి, రిసీవరు ఇంకా గట్టిగా చెవికి అదుముకున్నాడు.

"పెట్టేయండి."

"ఒక్క నిమిషం."

"దండం పెడతాను, పెట్టేయండి. ఇది ఎత్తితే ఆ మనిషి దక్కడంటారు. మామయ్య మనకి కావాలి."

"వింటున్నాడే..."

ఆవిడ దగ్గరికొచ్చింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. రిసీవరు లాక్కుని, ఫోను మీద పెట్టేసింది.

గదంతా ఒక్కసారి ఖాళీ అయిపోయింది, అన్నాడు కత్తెరాయన. ఆయన మళ్ళీ ఎత్తి చూశాడు. ఏమీ లేదు. చెక్కముక్క చెవికి పెట్టుకున్నట్టు ఉంది. ఆవిడ భుజం పట్టుకుని నడిపించుకొచ్చి వ్యానులో కూర్చోబెట్టింది. స్వెట్టరు తొడిగింది. గుండీలు పెట్టింది. ఆయనకి వణుకు వచ్చిందట. ఆవిడ చేతులు మాత్రం వణకలేదు.

కొండ దిగాక అక్క ఫోను కలిసింది. ఉన్నాడట. ఊపిరి ఉంది, కానీ ఇందాక కళ్ళు మూసుకున్నాడు, పిలిస్తే పలకడం లేదు, అంది. ఆవిడ ఆ మాట వినగానే బండి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతో. ఉన్నాడు కదా. పెట్టేయించాను కాబట్టే ఉన్నాడు అనుకుంది. ఆ మాట ఆయనతో కూడా అంది. ఆయన ఆవిడ తల నిమిరాడు.

తెల్లారాక చేరారు. ఆస్పత్రి మంచం మీద ఆ పెద్ద మనిషి చిన్నగా కనపడ్డాడు. సగం గుండీలు పెట్టిన చొక్కాలోనే తెచ్చారు, దాన్ని కత్తిరించి తీసి పక్కన పడేశారు. కొడుకు కుట్టిన చొక్కా అది. కత్తెరాయన పిలిచాడు. చెవి దగ్గర నోరు పెట్టి పిలిచాడు. ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో చలనం లేదు. ఆవిడ తడిగుడ్డతో మామగారి మొహం తుడిచింది, పెదాలు తడిపింది, ఇదిగో మామయ్యా మీ అబ్బాయి అంది.

డాక్టరు వచ్చాడు, చూశాడు, తల అడ్డంగా ఊపడం కూడా అనవసరమన్నట్టు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి పోయాడు. కళ్ళు తెరవలేదు.

ముగ్గురూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అక్క చాలాసేపు ఏడ్చి, ఏడుపు అయిపోయినవాళ్ళు మాట్లాడే గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"రాత్రి ఒక వింత చేశాడురా నాన్న. మీరు కొండెక్కిన వేళ అనుకుంటా... ఉన్నట్టుండి ఎడమ చెయ్యి ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోన్ పట్టుకున్నట్టే. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని... కళ్ళమ్మట నీళ్ళు. నవ్వు మొహం. నర్సు చెయ్యి దించబోతే దించనివ్వలేదు. పడిపోయినప్పటి నుంచి అంత తేటగా ఒక్కసారి కూడా లేడు. నర్సు కూడా అంది, మనిషి తిరుగుతున్నాడు, ఇక పరవాలేదు అని. నాకెంత ధైర్యం వచ్చిందో!"

అక్క వార్డు తలుపు వైపు ఓసారి చూసింది.

"తర్వాతేమో... చెయ్యి ఎవరో లాగేసినట్టు కింద పడింది. నా వైపు చూశాడు. అప్పుడు మాట వచ్చిందిరా. మళ్ళీ రాలేదు, అదొక్కటే. కట్టయింది, అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు."

కత్తెరాయన పక్కకి చూడలేదు. చూడకుండానే చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మంచులా ఉందట. ఆ రాత్రంతా వణకని చెయ్యి... అప్పుడు మొదలైంది.

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, మామూలుగానే అడిగింది —

"ఏం కట్టయిందంటావ్, తమ్ముడూ?"