పిల్లల ట్యాబులో తెరుచుకున్న లింకు

నకిరేకల్లో ఫొటోగ్రాఫర్ పర్వతాలు స్టూడియోలో ఫొటో దిగని పసిపిల్లలు లేరు, ఒక్క అతని బిడ్డ సువర్ణ తప్ప. ఫొటో దిగితే పసివాళ్లకు ఆయుష్షు తగ్గుతుందని భార్య పుష్పమ్మ అడ్డం పడింది. ఊరందరి పిల్లలకూ తగ్గనిది మన పిల్లకే తగ్గుతుందా అని అతను నవ్వేవాడు. నాలుగేళ్లకే మెదడువాపు జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది. పోయాక తండ్రి తీసిన ఒకే ఒక్క ఫొటోలో ఆమె కళ్లు మూసుకునే ఉంది. పుష్పమ్మ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

మూడేళ్లు గడిచాయి. తొంభైతొమ్మిదిలో పక్క మలిగెలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన మెహమూద్, స్టూడియో పేరిట ఒక పేజీ తయారుచేశాడు. పైన మూడు ట్యాబులు: పెళ్లిళ్లు, పిల్లలు, యాదిలో. పోయినవాళ్ల ఫొటోలు యాదిలో ఉంటాయి. సువర్ణదీ అక్కడే. దుబాయిలో ఉన్న ఆ పిల్ల మేనమామ నొక్కగానే నేరుగా ఆ ట్యాబే తెరుచుకునేలా లింకు చేశాడు. సాయంత్రం పర్వతాలును పిలిచాడు.

"అన్నా, లింకు యాదికే పెట్టిన. ఎన్నిసార్లు నొక్కినా పిల్లల్లనే తెరుసుకుంటాంది. జర సూడు."

పర్వతాలు వంగి చూశాడు. పిల్లల ట్యాబులో, పచ్చ గౌనులో సువర్ణ నవ్వుతోంది. ముందుపన్ను ఊడి ఉంది.

బతికుండగా ఆమెకు ఒక్క పన్నూ ఊడలేదు...

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా మనసు ఊరుకోలేదు. కళ్లు తెరిచిన బిడ్డను చూస్తే పుష్పమ్మ గుండెబరువు దిగుతుందేమోనని ఆశపడ్డాడు. పోయి ఆమెను తీసుకొచ్చాడు.

పుష్పమ్మ తెర ముందు కూర్చుంది. ఏడవలేదు. వేలితో ఆ బుగ్గలు తడిమింది. ఎక్కడినుంచో కొబ్బరినూనె వాసన... అప్పుడే తల దువ్విన వాసన.

"నేను అడ్డం పడకుంటే గీ నవ్వు ఇంట్ల ఉండేది గదా," అంది.

"ఊకో పుష్పా."

కరెంటు పోయింది. తెర ఆరింది. ఫ్యాను ఆగింది. చీకట్లో ఎవరో చిన్నగా ఆవులించారు...

"వదినమ్మా?" మెహమూద్ టార్చి కోసం తడుముకున్నాడు.

"పా పుష్పా, ఇంటికి పోదాం."

"మెల్లగయ్యా," ఆమె గుసగుసలాడింది. "ఇప్పుడే నిద్రవట్టింది."

మెహమూద్ టార్చి వేశాడు. పుష్పమ్మ చేయి తన ఒడిలో జోకొడుతోంది. ఒడిలో ఎవరూ లేరు. కానీ అక్కడ చీర బరువుకు అణిగి ఉంది. కొంగు మాత్రం ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతోంది...