గాజు మీద గోటి చప్పుడు

మా వదిన నన్ను బలవంతంగా ఆ పాత కోట చూడ్డానికి బస్సెక్కించింది.

"ఇంట్లో గోడలు చూసి చూసి నువ్వూ గోడవైపోతున్నావే. పద, రాజుల గోడలు ఎట్లా ఉంటాయో చూద్దాం" అంది.

మా పాప పోయి ఇంకా ఏడాది కాలేదు. నాకు గడప దాటాలనే లేదు. కానీ మా ఆయన అక్కకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

పాపకి పుట్టుకతోనే మాట లేదు. నా కుడిచేతికి ఒక ఇత్తడి గాజు ఉంది, సబ్బు రాసినా ఊడిరాదు. దాని మీద గోటితో తట్టేది పాప. ఒకసారి తడితే రా అని, ఊఁ అని. రెండుసార్లు తడితే వద్దని. అవే దాని మాటలు. పిల్ల పోయిందని ఎంత ఏడ్చానో, దాని నోట అమ్మా అన్న పిలుపు ఒక్కసారైనా వినలేదే అని అంతకంటే ఎక్కువ ఏడ్చాను.

కోటలో మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. గైడు మమ్మల్నందర్నీ మెట్లు దింపి, నేలకింద ఉన్న గుండ్రటి గదిలోకి తీసుకెళ్లాడు. లోపల చలి. తడిసిన సున్నం వాసన, గబ్బిలాల కంపు. ఎక్కడో పైన ఒక చిన్న కంతలోంచి వెలుగు.

"ఈ గోడకి నోరు ఆనించి గుసగుసగా మాట్లాడితే, ఎదురుగోడకి చెవి పెట్టినవాళ్లకి పక్కనే ఉండి చెప్పినట్టు వినపడుతుంది. కానీ ఎవరి గొంతో తెలియకుండా ఊఁ కొట్టకండి. మా తాత మాట అది" అని నవ్వాడు గైడు.

"మా తమ్ముడు పెళ్లైన కాణ్ణించీ ఊఁ కొట్టడమే. వాణ్ణి తేకపోవడమే మంచిదైంది" అంది వదిన. అందరూ నవ్వారు.

జంటలు జంటలుగా ఆడుకుని అందరూ పైకి వెళ్లిపోయారు. వదిన మెట్ల దగ్గర ఆగి, "మనమూ ఆడదాం. నువ్వా గోడకి చెవి పెట్టు, నేను ఇటు గోడ దగ్గరికి వస్తున్నా" అంది.

వెళ్లి చెవి ఆనించాను. ఎదురుగోడ చీకట్లో కనపడటం లేదు.

"అమ్మా..."

చిన్న గొంతు. మొద్దుగా ఉంది. ఎప్పుడూ కదలని నాలుక కదిలినట్టు.

"అమ్మా... నేనే."

"ఊఁ... నా తల్లీ" అనేశాను. గైడు మాట గుర్తే రాలేదు.

"దగ్గరికి రా."

చెంప ఆనించాను. ఇందాక చల్లగా ఉన్న గోడ... ఒళ్లులా వెచ్చగా ఉంది.

"ఇంకా దగ్గరికి..."

టిక్. టిక్.

గాజు మీద. రెండుసార్లు.

నా చెయ్యి ఊరికే వేలాడుతోంది. దేనికీ తగల్లేదు.

"రా అమ్మా..."

టిక్ టిక్. ఆ గోటిని నేను ఎరగనా?

"నువ్వెవరు?" అన్నాను. గోడ చిన్నపిల్లలా ఏడ్చింది. ఎన్నేళ్లుగానో వినాలనుకున్న గొంతు. చెంప ఇంకా గోడకే ఆనించి ఉంచాను. టిక్ టిక్... టిక్ టిక్... గాజు మణికట్టులోకి దిగేంత గట్టిగా తడుతోంది. చెవులు మూసుకుని ఏడుస్తూ మెట్లెక్కాను.

పై మెట్టు మీద వదిన చెప్పు పట్టుకుని కూర్చుంది.

"ఇది ఇప్పుడే తెగి చావాలా! నేను గోడ దగ్గరికి రానే లేదు. ఏమయ్యిందే, అలా వణుకుతున్నావ్?"

వదిన చెయ్యి పట్టుకుని బస్సు వైపు లాక్కెళ్లాను.

బస్సు కదిలాక వదిన కునుకు తీసింది. కిటికీ వైపు తిరిగి, "వచ్చావా తల్లీ నాతో?" అని మెల్లగా అడిగాను. ఒక్కసారి తడుతుందని కాచుకున్నాను. తట్టలేదు.

వదిన ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"ఎవరే... నిన్ను అమ్మా అంటోంది?"

వెనక సీట్లో ఎవరూ లేరు.

చేతికేసి చూసుకున్నాను. మణికట్టు మీద తెల్లటి చార ఒక్కటే ఉంది. గాజు లేదు.