ప్రోసర్ దొర నిలబడ్డ చోటు

సైన్స్ పార్క్ వెనక, కొండవాలు కింద ఒక పాత ఆటస్థలం ఉంది. చీకటి పడ్డాక అందులోకి ఎవరూ దిగరు. పొరపాటున బంతి అటు పోతే పిల్లలు వదిలేసి వెళ్ళిపోతారు... ఆ బంతిని లోపల్నించి ఎవరో తిరిగి విసురుతారట.

ఇది ఒక సాయంత్రం టీ కొట్టులో కూర్చుని పెద్దిరాజు నాకు చెప్పాడు. భీమవరం వాడు, ఇక్కడ సింగపూర్‌లో, క్లెమెంటి పేటలో మా బ్లాకులోనే ఉంటాడు. మూడు నెలల కిందట వాళ్ళన్నయ్య పోయాడు. ఇతను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసుకెళ్ళాడు. ఏడవలేదు. నోటికి రుచి తెలియట్లేదని మాత్రం ఒకసారి అన్నాడు.

కిందటి వారం ఒకరోజు రాత్రి ఏడున్నరకి ఆఫీసు నుంచి ఆ దారిన వస్తున్నాడు. కాలికి బంతి తగిలింది. పాత తోలు బంతి, తడిసి బరువుగా ఉంది. ఎదురుగా గోలుపోస్టుల మధ్య ఒక ముసలి తెల్లాయన — చేతులు చాపి నిలబడి ఉన్నాడు.

పెద్దిరాజు తన్నాడు. ఆయన పట్టుకున్నాడు. తిరిగి విసిరాడు. మళ్ళీ తన్నాడు... అలా ఎంతసేపో. మాటల్లేవు. బంతి చేతుల్లో పడ్డ చప్పుడు కూడా లేదు.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"వెయ్యాలి కదా అంకుల్... వెయ్యలేదు."

మర్నాడూ వెళ్ళాడు. ఈసారి బంతి లేదు. ఆయన ఇతన్ని కాసేపు చూశాడు. పక్కకి జరిగి, తను నిలబడ్డ చోటు చూపించాడు. పెద్దిరాజు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన వాలు ఎక్కి, వెనక్కి చూడకుండా చెట్లలోకి వెళ్ళిపోయాడు.

టార్చి వెలుగు పడింది. గడ్డి కోసే సూరిబాబు — తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగువాడు.

"ఇక్కడెందుకు నిలబడ్డారు బాబూ?" గొంతు తగ్గించి అడిగాడు.

పెద్దిరాజు జరిగింది చెప్పాడు. సూరిబాబు టార్చి చుట్టూ తిప్పాడు. గోలుపోస్టులు లేవు. మోకాలెత్తు గడ్డి... అంతే.

"ఆయన ప్రోసర్ దొర. మా నాన్న చెప్పేవోడు. వేల్స్ దేశం మనిషి, కుర్రతనంలో ఆ దేశం జట్టుకి గోల్‌కీపరు. మొదటి యుద్ధంలో ఒక చెవి పోయింది. దాంతో ఆటా పోయింది. ఇక్కడ రేవులో గుమాస్తాగా చేరి, సాయంత్రాలు ఈ పడాంగ్ మైదానంలోనే మా కూలోళ్ళ పిల్లలకి బంతాట నేర్పేవోడంట. జపానోళ్ళు వచ్చేసరికి యాభై దాటాయి... అయినా వాలంటీర్లలో చేరాడు. ఇక్కడే కాపలా పెట్టారు. ఇంకొకడు వచ్చేదాకా కదలొద్దన్నారు. అందరూ వెనక్కి పోయారు. ఈయన పోలేదు. రెండో రోజు మా నాన్న చూసేసరికి — నిలబడ్డ చోటే పడి ఉన్నాడు."

సూరిబాబు ఇతని చెయ్యి పట్టుకు లాగాడు.

"ఇన్నేళ్ళూ ఆయన చోటికి ఎవరూ రాలేదు. రండి బాబూ... బయటికి రండి."

నేను టీ తాగడం మర్చిపోయాను. "వచ్చేశావు కదా?"

"వచ్చాను అంకుల్." పెద్దిరాజు బ్యాగు తగిలించుకుని లేచాడు. గొంతులో ఏ మార్పూ లేదు. "కానీ ఇంకొకరు వచ్చేదాకా ఉండాలి కదా..."

అప్పటికి ఏడు దాటింది. మా బ్లాకు కుడివైపు. అతను ఎడమకి, సైన్స్ పార్క్ వైపు తిరిగాడు.