సీలు వేసిన ఇంట్లో పేర్లు

అల్ సువైక్ అనే అరబ్బు ఊళ్ళో ఖర్జూరం తోటల వెనక ఆ ఇల్లుంది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక ఆ దారిన ఎవరూ నడవరు. లోపలినుంచి ఏదో ఆడగొంతు పిలుస్తుందంటారు... తోటపనివాళ్ళు జిన్ను అంటారు.

జైనబీ నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఈ మధ్య పేర్లు నా తలలో నిలవడం లేదు, అందుకే.

జైనబీది ప్రొద్దుటూరు. ఇక్కడ ఆ తోటల పక్కనే ఒక విల్లాలో ఇంటిపని. ఆ సాయంత్రం మేడమ్ రొట్టెలకు పంపితే, ఆలస్యమైందని అడ్డదారి పట్టింది.

ఆ ఇంటి గోడ దాటుతుండగా వినిపించింది—

"రమణి... హుమా... ముంతాజ్..."

మన కడప యాస.

ఆమె గోడ దగ్గరే ఆగింది. ఆ పేర్లన్నీ తనకు తెలుసు. విమానం దిగిన రోజు తనతోపాటు ఆ ఇంట్లోనే తాళం వేసి ఉంచిన ఆడవాళ్ళవి. ఏజెంటు ఒక్కొక్కరినీ నిలబెట్టి చూపించి, బేరం కుదిరిన ఇంటికి పంపేవాడు.

"...జైనబీ."

రొట్టెలు చేతిలోంచి జారిపోయాయి. ఆ గొంతు, అప్పుడు అదే ఇంట్లో తమతో ఉన్న నసీమది.

మనుషుల్ని అమ్మడం ఇక్కడా నేరమే. తర్వాత పోలీసులొచ్చారు, తలుపుకి సీలు వేశారు. కానీ ఏజెంటు, "అందరూ ఇష్టపడే వెళ్ళారు, కాగితాల మీద వేలిముద్రలు చూడండి" అన్నాడు. అమ్ముడుపోయినవాళ్ళే వచ్చి చెబితే తప్ప కేసు నిలవదు. ఎలా వస్తారు? పాస్‌పోర్టు యజమాని దగ్గర. గేటు దాటితే, పారిపోయారని వాళ్ళ మీదే కేసు.

నసీమ ఒక్కతే ధైర్యం చేసి బయటపడింది. కోర్టులో తడబడకూడదని పారిపోయొచ్చినవాళ్ళుండే షెల్టర్‌లో రోజూ ఆ పేర్లు వల్లెవేసేది. నువ్వూ రావే అని జైనబీకి కబురు పంపింది. జైనబీ వెళ్ళలేకపోయింది. ఊళ్ళో బిడ్డ ఈ జీతంతోనే బతుకుతోంది...

ఇప్పుడు ఆ గోడకు ఆనుకుని గుసగుసగా అంది.

"నసీమక్కా... నేనే. ఏమైతే అదవుతుంది. సాక్ష్యానికి వస్తా."

లోపల గొంతు ఆగింది.

ఫోన్ లైటు వేసి చూసింది. సీలు చెక్కుచెదరలేదు. కిటికీ సందులోంచి చూస్తే— నేలంతా ఇసుక. ఒక్క అడుగుజాడ లేదు.

పక్క విల్లాలో వంట చేసే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, నసీమక్క ఆ ఇంట్లో ఉంది."

"పిచ్చిదానా, నసీమ ఎండాకాలంలోనే రాయచోటి పోయిందే. సాక్షి ఒక్కతే అని కేసు కొట్టేశారు, ఆమెను పంపేశారు. నీకెవరూ చెప్పలేదా?"

నమ్మలేదు. ఫోన్ చేయించింది. నసీమ కూతురు తయ్యబా ఎత్తింది.

"అమ్మ ఇక్కడే ఉంది పెద్దమ్మా. వచ్చినప్పటినుంచీ మనిషి మనిషిలా లేదు. చీకటి పడితే గోడవైపు తిరిగి అవే పేర్లు. ఈరోజు మాత్రం... మధ్యలో ఆపేసింది."

"ఎందుకమ్మా?"

తయ్యబా గొంతు తగ్గించింది.

"నవ్వుతోంది పెద్దమ్మా. బురఖా తీసిపెట్టమంటోంది. జైనబీ వస్తానందంట... రేపు కోర్టుకి పోవాలంట."