నాడి చూడని సంతకం

పట్టపగలు పన్నెండు గంటలు… కాటుక మేఘాలు కమ్మి ఊరంతా చీకటైపోయింది. ఆ ఘడియలో కూయకూడని గుడ్లగూబ ఒకటి ఆసుపత్రి కిటికీ మీద వాలి కూసింది. చిన్న డాక్టరు దాన్ని అదిలించి కిటికీ మూశాడు.

గది మధ్య, సిందూర వలయంలో, ముసలి ఆయా బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెకెదురుగా ఒక కపాలం… దాని వెనుక పెద్ద డాక్టరు, చిన్న డాక్టరుకు కన్నతండ్రి. వయసు ఎనభై నాలుగు. చూస్తే యాభై దాటవు.

దొరల కాలంలో ఆయన జైలు డాక్టరు. కొరడా దెబ్బలకు ముందు ‘ఖైదీ ఆరోగ్యవంతుడు’ అని డాక్టరు రాసివ్వాలి. ఆయన గుమ్మంలో నిలబడే సంతకం గిలికేవాడు. ముప్పై దెబ్బలు తినాల్సిన ఒక జ్వరపు మనిషి పన్నెండో దెబ్బకే ప్రాణం వదిలాడు. ఆ విధేయతకు మెచ్చి దొరలు ఆయనకు బిరుదిచ్చారు, ఈ ఆసుపత్రి కట్టించారు. చదువుకోసమని ఆ శవం తల ఆయన తెచ్చుకున్నాడు. చదివింది మాత్రం వేరే చదువు!

ఎవరి పేరున ఆరోగ్య పత్రం సంతకం చేసి కపాలం కింద పెట్టి మంత్రం చదివితే, ఆ మనిషి ఒంట్లో ఉన్నదంతా ఆయన ఒంట్లోకి వస్తుంది. తోటమాలి, వంటావిడ అలాగే రాలిపోయారు. గుండెపోటని రాసిచ్చింది చిన్న డాక్టరే. తండ్రి కుర్చీకి వారసుడు ఇంకేం రాస్తాడు?

ఆయా ఆ ఖైదీ కూతురు. వారం కిందట దగ్గు చూపించుకోవడానికి వచ్చి, ఆ సంగతి చిన్న డాక్టరుకు మాత్రమే చెప్పింది. ఊపిరితిత్తులు రెండింటినీ క్షయ తినేసింది. పదిహేను రోజులకు మించి బతకదు. “ఈసారి నన్నే పిలుస్తారు బాబూ, పిలవనివ్వండి. మా నాన్న తల మాత్రం మట్టిలో పెట్టండి” అంది.

“ఒక్కసారి నాడి చూడండి నాన్నా,” అన్నాడు కొడుకు. అంతకుమించి చెప్పలేకపోయాడో, చెప్పదలచుకోలేదో ఆ భగవంతుడికే తెలియాలి.

“ఆయా చెయ్యి నేను పట్టుకోవాలిట్రా? గుండ్రాయిలా ఉంది. నా సర్వీసంత లేదు నీ వయసు,” అంటూ పెద్దాయన సంతకం చేశాడు.

మంత్రం మొదలైంది… పిడుగు పడ్డట్టు కిటికీలు అదిరాయి. కపాలం కళ్లగుంటల్లోంచి నల్లటి పొగ లేచింది. ఆయా కనుగుడ్లు తిరగబడ్డాయి. ఆమె నోట ఒక మగ గొంతు లెక్కపెట్టింది.

“ఒకటి… రెండు…”

పెద్దాయన ముఖంలో ముడతలు కరుగుతుంటే నవ్వాడు. ఐదు దగ్గర దగ్గు వచ్చింది. ఎనిమిదికి ఒళ్లు కాలిపోయింది. పదికి నెత్తురు కక్కాడు… ఆ పత్రం మీదే! కొడుకు వైపు చెయ్యి చాచాడు.

“నాడి… చూడరా…”

“పన్నెండు.”

కొడుకు పట్టుకునేసరికి ఆ చెయ్యి చల్లబడింది. బల్ల మీద ఆయా కూడా పోయింది. ఉన్నదంతా అంటే, ఆమెకు మిగిలిన ఆ కొద్ది రోజులు కూడా కదా.

ఆమెనూ, ఆమె తండ్రి తలనూ ఒకే గోతిలో పూడ్చాడు చిన్న డాక్టరు. రోగులకు సేవచేస్తూ రోగం తగిలించుకుని పోయిన మహానుభావుడని ఊరు పెద్ద డాక్టరుకు పాలరాతి విగ్రహం పెట్టింది. ఆ పొగడ్తలన్నీ కొడుకు చేతులు కట్టుకుని విన్నాడు. దేవుడి తీర్పు సరే, తన మౌనాన్ని ఏమనాలి?

ఇప్పుడు చిన్న డాక్టరు నాడి చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. కానీ ఎవరి మణికట్టు మీద వేళ్లు ఆనించినా, లోపలినుంచి ఆ గొంతే లెక్క మొదలుపెడుతుంది… పన్నెండు రాకముందే ఆయన చెయ్యి వదిలేస్తాడు.