ఆకుపచ్చ మంట

మిరప బస్తాల మీద మార్కా వేయడానికి ముస్తాక్‌కు పాతిక స్టెన్సిళ్లు కావలసి వచ్చాయి. షీటు తనే కొని, వినుకొండలో నజ్మీన్ నడిపే లేజర్ కటింగ్ షాపుకు తెచ్చాడు. ఆమె దాన్ని మిషన్ దగ్గరికైనా తీసుకుపోలేదు. రాగితీగను ఎర్రగా కాల్చి, షీటు అంచుకు తాకించి, మళ్లీ మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా లేచింది.

“ఇది పీవీసీ అండి. కొయ్యను.”

“అక్రిలిక్ అని కొన్నాను.”

“అమ్మేవాళ్లు అలాగే అంటారు. లేజర్ తగిలితే దీన్నుంచి విషవాయువు వస్తుంది. నా ఊపిరితిత్తులూ పోతాయి, మిషనూ పోతుంది.”

అక్రిలిక్, ప్లైవుడ్, అట్ట, నూలుగుడ్డ ఏది తెచ్చినా కోస్తానంది. తన దగ్గర అక్రిలిక్ ఉందని కూడా చెప్పింది. అక్కడే ముస్తాక్‌కు అనుమానం పుట్టింది. ఎదుటివాడి సరుకుకు వంక పెట్టి సొంత సరుకు అంటగట్టడం అతను మిర్చి యార్డులో రోజూ చూసే విద్యే. తీగకే ఏదో పూసి ఉంటుందనుకున్నాడు.

ఆమె దగ్గరున్న అక్రిలిక్ ముక్క ఒకటి అడిగి తీసుకుని, ఇంటి దగ్గర కొత్త రాగితీగతో దాన్నీ తన షీటునూ అలాగే పరీక్షించి చూశాడు. తన షీటుకే పచ్చమంట వచ్చింది.

మర్నాడు వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. నజ్మీన్ తలెత్తకుండానే, “రేటు తగ్గించను” అంది.

స్టెన్సిళ్లు అయిపోయాక కూడా అతను వస్తూనే ఉన్నాడు. ఒకసారి షాపు బోర్డు, ఒకసారి తాళాలకు చెక్క బిళ్ల. జోరువానలో ఒకరోజు చేతిలో ఏమీ లేకుండానే వచ్చాడు. షాపుకు ఎదురుగా రోడ్డు అవతలి గది అతనే అద్దెకు తీసుకున్నాడని తెలిశాక ఆమె ఊరుకోలేదు.

“మిషన్ ఎప్పుడు దింపుతున్నారు? నా దగ్గర పని చూసుకుని నాకే పోటీ పెడదామనేగా?”

“అది గోతాల గదండీ.”

“యార్డు దగ్గర గదులే దొరకలేదా?”

బేరంలో ఎన్నడూ తడబడని మనిషి ముస్తాక్. ఇప్పుడు మాత్రం లెక్క తేలలేదు. అబద్ధం చెబితే పట్టేస్తుంది. నిజం చెబితే మళ్లీ గుమ్మం ఎక్కనివ్వదేమో. రెండూ నష్టమే అయినప్పుడు నిజమే మేలనుకున్నాడు.

“అక్కణ్ణుంచి మీరు కనిపించరు.”

నజ్మీన్ మిషన్ ఆపేసింది.

“ఈ మాట మా నాన్న ముందు అనగలరా?”

“నిన్ననే చెప్పాను. మిమ్మల్ని అడగమన్నారు.”

ఆమె వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. నిజమేనా అని రెండుసార్లు అడిగింది. ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగింది.

“ఆదివారం మీ అమ్మగారిని తీసుకురండి. మీ సంగతంతా ఆవిణ్ణే అడుగుతాను.”

పెదవి చివర నవ్వు మాత్రం ఆమె దాచలేకపోయింది.