రేకు ఏనుగు గుండె

“పాడైందని తెలిశాక కూడా ఎంతసేపు ఆన్‌లో ఉంచారు?”

ఆమె హార్డ్‌డిస్కు బల్ల మీద పెట్టి, టిక్కు టిక్కుమంటోందనగానే కౌంటరు వెనక నిలబడ్డ మనిషి అడిగిన మొదటి మాట అది. కూర్చోండి అనలేదు, ఏం కావాలి అనలేదు. ‘పోయిన ఫైళ్ళు తిరిగి తెచ్చి ఇస్తాం’ అని బయట బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాలున్నాయో, లోపల మాట అంత పొదుపు. చుట్టుపక్కల అందరూ అతణ్ణి డిస్కుల డాక్టరు అంటారని మెట్ల కింద జిరాక్స్ షాపాయన చెప్పాడు. డాక్టరన్నవాడికి కాస్త తియ్యగా మాట్లాడటం కూడా వస్తే బాగుండునని ఆమె అనుకుంది.

“కాసేపే,” అంది.

“కాసేపంటే?”

ఆమె నీళ్ళు నమిలింది. “అంటే... ఒక పూట.”

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. “లోపల టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే ఎవరైనా ముందు వైరు పీకేస్తారండీ. మీరేం చేశారు?”

“రికార్డ్ చేశాను.”

“దేన్ని?”

“ఆ టిక్కు టిక్కుని. ఎంత బాగుందో! పక్కనే మైకు పెట్టేశాను.”

ఇక్కడ ఆమె తరఫున ఒక మాట చెప్పుకోవాలి. ఆమె ఉద్యోగమే చప్పుళ్ళు చెయ్యడం. తెర మీద బొమ్మ కొమ్మ విరిస్తే ఆమె స్టూడియోలో క్యారెట్ విరుస్తుంది. చేప ఒడ్డున పడి కొట్టుకుంటే తడిబట్టతో నేలను బాదుతుంది. ఇంట్లో ఆమెను చప్పుళ్ళమ్మాయి అంటారు. మంచి చప్పుడంటే చెవి కోసుకుంటుంది. ఇల్లు అంటుకున్నా ముందు ఆ చిటపటలు రికార్డ్ చేసుకుని, ఆ తర్వాతే నీళ్ళ కోసం పరిగెత్తే రకం.

“ఇంతకీ ఇందులో ఏముంది?” అడిగాడతను.

“మా అక్క ఏళ్ళ తరబడి కూర్చుని గీసిన బొమ్మల సినిమా. రేకు ఏనుగు కథ. బొమ్మలు అక్క దగ్గరే ఉన్నాయి. చప్పుళ్ళన్నీ మాత్రం ఇందులోనే. శుక్రవారం సాయంత్రం ఎంపిక కమిటీ వాళ్ళకు చూపించాలి. వాళ్ళకు నచ్చితే థియేటర్లలోకి వెళ్తుంది. లేకపోతే అక్క మళ్ళీ సబ్బుపెట్టెల మీద పువ్వులు గీసే ఉద్యోగానికే.”

“అక్కగారికి విషయం తెలుసా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“రెండో కాపీ పెట్టుకోలేదా?”

“పెట్టాను! అక్క వంద సార్లు చెప్పి మరీ పెట్టించింది.”

“మరింకేం? అది తెచ్చుకోండి.”

“అదీ ఇందులోనే ఉంది. వేరే ఫోల్డర్‌లో.”

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పాపం, తన కష్టానికి ఏడుస్తున్నాడనుకుంది ఒక్క క్షణం.

“నవ్వుతున్నారా?”

“లేదండీ.”

“నవ్వుతున్నారు. నాకు వినిపిస్తోంది.”

అతను చేతులు తీశాడు. నవ్వు ఆపుకోవడంలో మొహం కందగడ్డలా అయింది. అయినా ఆ నవ్వు అతనికి నప్పిందని ఆమె ఒప్పుకోక తప్పలేదు. పైకి మాత్రం మూతి ముడుచుకుంది.

“సరే, ఆ రికార్డింగ్ తెచ్చారా?” అన్నాడు.

“ఎందుకు? ఇంకోసారి నవ్వడానికా?”

“దీన్ని మళ్ళీ ఆన్ చేస్తే ఏమవుతుందో చెప్పలేను. ఆన్ చెయ్యకుండా దీని జబ్బు తెలుసుకోవడానికి ఆ రికార్డింగ్ తప్ప ఇంకో దారి లేదు.”

ఆమె సంచిలోంచి రికార్డర్ తీసింది. అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి వినసాగాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషిని ఆమె ఇంతకుముందు చూడలేదు. తను వినేటప్పుడు తనను తాను చూసుకునే వీలు ఎటూ లేదు కదా.

“మోటారు బాగానే తిరుగుతోంది. డిస్కుని చదివే సన్నటి చెయ్యి ఒకటుంటుంది. అది చోటు దొరక్క వెనక్కొచ్చి కొట్టుకుంటోంది,” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

“ప్రతి వరసలో ఆఖరి టిక్కు కొంచెం బొంగురు.”

అతను కళ్ళు తెరిచాడు. “మీకూ వినిపించిందా?”

“వినిపించకపోవడమేంటి? చివర్లో సన్నగా గీరుకున్నట్టు కూడా ఉంది.”

“ఈ షాపు పెట్టినప్పటి నుంచి నాతో ఆ మాట అన్నవాళ్ళు లేరండీ,” అన్నాడు. చప్పున మొహం మళ్ళీ డాక్టరు మొహమైపోయింది. “ఆ గీరుకోవడం మంచిది కాదు. డిస్కు మీద గీత పడింది. కొంత పోయినట్టే.”

ఆమె డిస్కును చేత్తో నిమిరింది. “అంతా నా వల్లే.”

“మీ వల్లే పాడైంది, నిజమే. కానీ ఈ రికార్డింగ్ లేకపోతే నేనూ ఇంకోసారి ఆన్ చేసి చూసేవాణ్ణి. అప్పుడు మొత్తం పోయేది. కాబట్టి బతికితే, అదీ మీ వల్లే బతికినట్టు.”

ఓదార్చాడో దెప్పాడో ఆమెకు తేలలేదు. మెట్లు దిగుతూ ఆ మాటనే రెండు మూడు సార్లు తలుచుకుంది.

మర్నాడు సాయంత్రం ఫోనొచ్చింది. అచ్చం అలాంటి పాత డిస్కు ఒకటి అతని అరలో దొరికిందట. దుమ్ము చొరబడని అద్దాల పెట్టెలో పెట్టి, దాని చెయ్యి తీసి దీనికి అమర్చాడట. ఫైళ్ళు బయటికొచ్చాయి.

ఆమె ఎగిరి గంతేసింది. “మీకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి!”

“ఆగండి. వచ్చాయి గానీ, ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ అంకెలే. ఏది ఏ చప్పుడో నాకెలా తెలుస్తుంది? మీరొచ్చి వినాలి.”

బుధవారం పొద్దున్నే వచ్చి కూర్చుంది. స్టూడియోకని అక్కతో అబద్ధమాడి వచ్చింది. ఇద్దరికీ చెరో హెడ్‌ఫోను. ఆమె విని చెప్పడం, అతను పేరు టైపు చెయ్యడం.

“ఇది వాన,” అన్నాడతను ఉత్సాహంగా.

“కాదు, ఉప్పు. పళ్ళెంలో పోశాను.”

“ఇదెవరో పాపం ఏడుస్తున్నారు.”

“మా వంటింటి తలుపు.”

“ఇది గుర్రం. ఇందులో మాత్రం సందేహం లేదు.”

“మా నాన్న బూట్లు. లోపల నా చేతులు.”

అతను టైపు చెయ్యడం ఆపి, ఆమె చేతుల వంక ఒకసారి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. “ఇదైతే కచ్చితంగా ఉప్పు.”

ఆమె హెడ్‌ఫోన్స్ తీసింది. “ఇది వాన. ఫైల్లో కాదు, బయట.”

కిటికీ అవతల వీధంతా తడిసి ముద్దవుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. అంత పొదుపైన మనిషికి అంత నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి!

గురువారం మధ్యాహ్నానికి అతను రాటుదేలాడు. ఒక కిర్రుమన్న చప్పుడికి ఆమె “వంటింటి తలుపు” అనగానే అడ్డుపడ్డాడు.

“కాదండీ, ఇది కుర్చీ. మీ తలుపు చివర్లో ఒక మూలుగు మూలుగుతుంది.”

ఆమె మళ్ళీ విన్నది. కుర్చీయే. వాళ్ళింటి తలుపు గొంతు గుర్తుపట్టిన మొదటి పరాయి మనిషి ఇతను. పరాయి అన్న మాట దగ్గర ఆమె మనసు కాస్త తడబడింది. ఆ తడబాటు ఆమెకు నచ్చింది కూడా.

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. అక్క!

“ఏమే, ఇదా నీ స్టూడియో? రెండ్రోజులుగా అక్కడ నీ జాడే లేదట! కింద జిరాక్స్‌కని వస్తే, నువ్వు రోజూ ఈ మెట్లెక్కుతున్నావని ఆయన చెబితే గానీ తెలీలేదు నాకు. ఎవరీ అబ్బాయి?”

చప్పుళ్ళమ్మాయి నోట చప్పుడు లేదు.

“నిన్నే! ప్రేమిస్తున్నావా?”

డిస్కు పోయిందని చెప్పడం కన్నా ప్రేమించానని చెప్పడమే తేలికనిపించింది ఆ క్షణంలో. “అవునక్కా. ప్రేమే,” అనేసింది.

టీ తాగుతున్న డిస్కుల డాక్టరుకు పొలమారింది. దగ్గుతూ కప్పు పెట్టబోయి పక్కనున్న గుడ్డను తోశాడు. దాని కింద డిస్కు బయటపడింది. దాని మీద అక్క స్వయంగా గీసి అంటించిన ఏనుగు బొమ్మ.

అక్క దాన్ని చూసింది. విప్పి ఉన్న మరలు చూసింది. మెల్లగా కుర్చీలో కూలబడింది.

చెల్లెలు ఏడుస్తూ అంతా చెప్పేసింది. రెండో కాపీ సంగతి కూడా దాచలేదు. అక్క తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

“ఏం పోయింది?” అంది చివరికి.

“ఆఖరి సీను ఒక్కటేనండీ,” అన్నాడు డాక్టరు. “గీత పడ్డ చోట ఉంది. శాయశక్తులా చూశాను.”

“ఆఖరి సీనే కదండీ సినిమా! ఏనుగులో స్ప్రింగు టిక్కు టిక్కుమంటూ ఆగిపోతుంది. పాప వచ్చి మెడ పట్టుకుంటుంది. అప్పుడు లోపల గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ రెండు చప్పుళ్ళూ లేకపోతే అది వట్టి రేకు ముక్క.”

 డాక్టరు రికార్డర్ తీసి అక్క చేతిలో పెట్టాడు. “ఆ టిక్కు టిక్కు ఒకసారి వినండి. చచ్చిపోతూ ఈ డిస్కు చేసిన చప్పుడు. మీ చెల్లెలి పుణ్యం.”

అక్క వింది. ఆ బొంగురు టిక్కు దగ్గర ఆమె మొహంలోకి ప్రాణం లేచి వచ్చింది. “పాతదాని కన్నా ఇదే బాగుందే! మరి గుండె? మునుపు నాదే కదా రికార్డ్ చేశావు. మళ్ళీ తీసుకో.”

మైకు పెట్టి చూస్తే అక్క గుండె దడదడలాడుతోంది.

“ఏనుగు బతికినట్టు లేదక్కా, పారిపోతున్నట్టుంది.”

“రేపు షో పెట్టుకుని నిదానంగా ఎలా కొట్టుకుంటుందే! ఇదిగో, ఈ అబ్బాయిది తీసుకో. చూస్తే తొణకని మనిషిలా ఉన్నాడు.” అక్క సంచి భుజాన వేసుకుంది. “నేనెళ్ళి బొమ్మలు సిద్ధం చేస్తా. అన్నట్టు, ఇందాక ప్రేమ అన్నావే, అది కూడా అబద్ధమేనా?”

జవాబు కోసం ఆగకుండానే మెట్లు దిగిపోయింది.

నిన్నటి నుంచి పడుతున్న వాన వెలిసింది. లోపలి గది తలుపు మూసి, ఫ్యాను ఆపి, అతణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్స్ తను పెట్టుకుని చిన్న మైకును అతని చొక్కా మీద ఆనించి పట్టుకుంది.

మొదట నిదానంగా, నిండుగా వినిపించింది. ధబ్... ధబ్... ఏనుగుకు కుదిరినట్టే ఉంది. మైకు జారుతుంటే ఇంకాస్త దగ్గరికి జరిగింది. అంతే, చప్పుడు పరుగందుకుంది.

“డాక్టరుగారూ, వేగం పెరుగుతోంది.”

“మీరు కొంచెం దూరం జరిగితే తగ్గుతుంది.”

ఆమె జరగలేదు. పాపను చూడగానే ఏనుగు గుండె అచ్చం ఇలాగే కదా కొట్టుకోవాలి! ముందు నిదానం, ఆ తర్వాత పట్టలేని సంతోషం. ఏ కూరగాయతోనూ, ఏ తోలుసంచితోనూ ఆమె ఎన్నడూ పుట్టించలేని చప్పుడు అది.

“ఇందాక మీ అక్కగారితో అన్న మాట,” అతను గోడకేసి చూస్తూ అన్నాడు, “డిస్కు సంగతి దాచడానికేనా?”

“అప్పుడు అందుకే అన్నాను.”

“ఇప్పుడు?”

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి అతని చెవులకు పెట్టింది. మైకు తన గుండెకు ఆనించుకుంది. “మీరే చెప్పండి. డాక్టరు కదా.”

అతను మామూలుగానే కళ్ళు మూసుకున్నాడు. తల పక్కకు వాల్చాడు. చాలాసేపు విన్నాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది.

“ఎక్కడా చిన్న గీత కూడా లేదండీ,” అన్నాడు.

శుక్రవారం సాయంత్రం చిన్న హాల్లో దీపాలు ఆరాయి. కమిటీ వాళ్ళు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఉప్పు వానై కురిసింది, నాన్న బూట్లు గుర్రమై పరిగెత్తాయి, వంటింటి తలుపు ఏడిస్తే వెనక ఎవరో ముక్కు చీదారు. ఆఖర్న ఏనుగులో స్ప్రింగు టిక్కు టిక్కుమంది. ఒక్క బొంగురు టిక్కుతో ఆగిపోయింది. 

ధబ్... ధబ్...

ముందు వరసలో కట్టుకున్న చేతులు విడిపోయాయి. గుండె పరుగందుకునేసరికి చప్పట్లు మొదలయ్యాయి. పేర్లు పడటం పూర్తికాకముందే జనం లేచి నిలబడ్డారు. కమిటీ పెద్దావిడ అక్క చేతులు పట్టుకుని, “చర్చలేం అక్కర్లేదమ్మా, అన్ని థియేటర్లకూ వెళ్తుంది మీ ఏనుగు,” అని అక్కడికక్కడే చెప్పేసింది. చెల్లెలి వైపు తిరిగి, “ఆ గుండె దేనితో చేశావు?” అని అడిగింది.

“చేసింది కాదండీ. నిజమైనదే,” అంది చప్పుళ్ళమ్మాయి. వెనక నిలబడ్డ డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

అక్క ఏడుస్తూ నవ్వుతూ చెల్లెల్ని కావలించుకుంది. మరుక్షణమే చెవి మెలిపెట్టింది. “ఏమే, ఈసారైనా కాపీ వేరే చోట పెట్టావా?”

“పెట్టింది వదినగారూ,” అన్నాడు డాక్టరు. “నా గుండె తన దగ్గరుంది. తనది నా దగ్గరుంది.”

అక్క కనుబొమలెగరేసింది. “వదినా? అప్పుడే?”

“తొందరపడ్డానా?”

“లేదులే,” అని అక్క అతని చెయ్యి తీసుకుని చెల్లెలి చేతిలో పెట్టింది. “పదండి, నాన్న బయట ఎదురుచూస్తున్నారు. గుర్రం తన బూట్లేనని ఇంకా తెలీదాయనకి. ముందు ఏ కబురు చెబుదాం?”

“పెద్దదే ముందు చెబుదామక్కా,” అంది చప్పుళ్ళమ్మాయి. అతని చెయ్యి వదలకుండానే తలుపు తోసింది.